గోధుమలో సంకర నెక్రోసిస్

సంకర నెక్రోసిస్ అనగా రెండు ఆరోగ్యవంతమైన గోధుమ మొక్కలను సంకరం చేయగా పుట్టిన సంతతిలో, ఏ తెగులూ సోకకుండానే ఆకులు, ఆకు తొడుగులు అకాలంగా ఎండి చనిపోవడం. తల్లి మొక్కలోను, తండ్రి మొక్కలోను ఈ లక్షణం కనిపించదు. ఇద్దరి నుండి వచ్చిన రెండు వేరువేరు జన్యువులు ఒకే మొక్కలో కలిసినపుడు మాత్రమే ఇది బయటపడుతుంది. ఇటువంటి సంకర మొక్క కొన్ని సందర్భాలలో మూడు నాలుగు ఆకుల దశలోనే చనిపోతుంది, కొన్ని సందర్భాలలో కంకి వేసి గింజలు కూడా ఇస్తుంది. ఈ తేడాకు జన్యువుల బలంతో పాటు మొక్క పెరిగిన పరిస్థితులు, ముఖ్యంగా ఉష్ణోగ్రత, కారణమవుతాయి. గోధుమ సంకరాలలో కొన్ని వెచ్చని గదిలో చక్కగా పెరిగి, చలిలో చనిపోతాయి. అందువలన ఒక సంకరం "బ్రతకదు" అని చెప్పినపుడు అది ఏ పరిస్థితులలో బ్రతకదో కూడా చెప్పవలసి ఉంటుంది.

పేరు

నెక్రోసిస్ అనే మాటకు జీవించి ఉన్న శరీరంలో కొంత భాగపు కణజాలం చనిపోవడం అని అర్థం. ఈ వ్యాసంలో సంకరం అనగా రెండు వేరువేరు రకాల లేదా జాతుల మధ్య పరాగ సంపర్కం జరిపించగా వచ్చిన మొదటి తరం మొక్క. విత్తన సంస్థలు రైతులకు అమ్మే సంకర విత్తనం అనే పరిమితార్థంలో ఇక్కడ ఆ మాటను వాడలేదు. అయితే సంకర విత్తనం తయారుచేసేవారికి కూడా ఈ సమస్య ఎదురవుతుంది. తలిదండ్రులుగా ఎంచుకున్న రకాలలో ఈ జన్యువులు ఎదురెదురుగా ఉంటే ఆ జత నుండి వచ్చిన సంకరం పనికిరాదు.

గోధుమ జాతులు, వాటి క్రోమోజోములు

ఈ విషయం అర్థం కావడానికి గోధుమ వంశవృక్షం కొంత తెలియాలి. రొట్టె గోధుమ, అనగా ట్రిటికం ఏస్టివం, 42 క్రోమోజోములు కలిగిన మొక్క. దీనిలో ఎ, బి, డి అనే మూడు జన్యుసముదాయాలు ఉన్నవి. రవ్వకు, పాస్తాకు వాడే డ్యూరం గోధుమలోను, ప్రాచీనమైన ఎమ్మర్ గోధుమలోను ఎ, బి అనే రెండు జన్యుసముదాయాలు మాత్రమే ఉంటాయి, క్రోమోజోములు 28. మూడవదైన డి జన్యుసముదాయం 14 క్రోమోజోములు గల ఈజిలాప్స్ టౌషై అనే అడవి గడ్డి నుండి వచ్చినది. ఈ సంగతిని 1940వ దశకంలో జపానుకు చెందిన హితోషి కిహారా, అమెరికాకు చెందిన మెక్‌ఫాడెన్, సియర్స్ విడివిడిగా గుర్తించారు.

సుమారు 8 నుండి 10 వేల సంవత్సరాల క్రితం కాస్పియన్ సముద్రపు దక్షిణ, నైరుతి తీర ప్రాంతాలలో సాగులో ఉన్న నాలుగు వరుసల క్రోమోజోముల గోధుమ ఈ అడవి గడ్డితో సహజంగా సంకరం చెంది రొట్టె గోధుమ పుట్టిందని భావిస్తారు. అదే సంకరాన్ని నేడు ప్రయోగశాలలలో తిరిగి జరిపి కృత్రిమ గోధుమలను తయారుచేస్తున్నారు. అలా చేసినపుడు ముందుగా 21 క్రోమోజోములు గల సంకర మొక్క పుడుతుంది. పెరిగే పరిస్థితుల ప్రభావం అత్యంత స్పష్టంగా కనిపించినది ఈ 21 క్రోమోజోముల మొక్కలలోనే.

లక్షణాలు

రొట్టె గోధుమ రకాల మధ్య సంకరంలో నెక్రోసిస్ సాధారణంగా ముదురు ఆకులతో మొదలవుతుంది. ఆకు కొన వద్ద చిన్న పసుపు మచ్చలు ఏర్పడి, అవి కలిసిపోయి గోధుమ రంగుకు మారి, ఎండుదనం కొన నుండి మొదలుకు ప్రాకుతుంది. తరువాత పై ఆకు, ఆపై ఆకు ఇదే వరుసలో ఎండిపోతాయి. కొత్త ఆకు ఆకుపచ్చగానే విచ్చుకుంటుంది, కాని కొంతకాలానికి దానికీ అదే గతి పడుతుంది. ఆకులు పుట్టే వేగం కన్న చనిపోయే వేగం ఎక్కువైతే మొక్క చనిపోతుంది. తక్కువైతే మొక్క కుంటుతూ పెరిగి కంకి వేస్తుంది, గింజలు కొద్దిగా, నొక్కులుగా ఉంటాయి.

ఈ మచ్చలను చూసి తుప్పు తెగులు లేదా ఆకుమచ్చ తెగులు అని పొరబడే అవకాశం ఉన్నది. ఈ క్రింది గుర్తుల వలన తేడా తెలుసుకోవచ్చు.

* తుప్పు తెగులులో ఆకుపై పొడి వంటి శిలీంధ్ర బీజాలు చేతికి అంటుకుంటాయి. నెక్రోసిస్‌లో అటువంటి పొడి ఉండదు.
* తెగులు పొలంలో ఒక చోట మొదలై చుట్టూ వ్యాపిస్తుంది. నెక్రోసిస్ ఒకే సంకరానికి చెందిన అన్ని మొక్కలలోను ఇంచుమించు ఒకే దశలో కనిపిస్తుంది.
* ప్రక్క వరుసలోనే ఉన్న తల్లి, తండ్రి రకాలు ఆరోగ్యంగా ఉంటాయి.
* శిలీంధ్ర నాశక మందులు చల్లినా ఫలితం ఉండదు.

జన్యు కారణం

గోధుమలో ఈ లక్షణానికి రెండు పూరక జన్యువులు కారణమని 1943లో కాల్డ్‌వెల్, కాంప్టన్ వివరించారు. ఈ జన్యువులను నె1, నె2 అని పిలుస్తారు. నె1 జన్యువు 5బి క్రోమోజోము పొడవైన బాహువుపైన, నె2 జన్యువు 2బి క్రోమోజోము పొట్టి బాహువుపైన ఉన్నవి. రెండూ బహిర్గత జన్యువులే. ఒక్క నె1 మాత్రమే ఉన్న మొక్కకు గాని, ఒక్క నె2 మాత్రమే ఉన్న మొక్కకు గాని ఏ నష్టమూ లేదు. రెండూ కలిసినపుడు మాత్రమే ఆకులు చనిపోతాయి. సంకర మొక్క బ్రతికి గింజలిస్తే, ఆ గింజల నుండి వచ్చిన రెండవ తరంలో నెక్రోసిస్ గల మొక్కలు, ఆరోగ్యవంతమైన మొక్కలు 9:7 నిష్పత్తిలో కనిపించడం పూరక జన్యువులకు గుర్తు.

నెదర్లాండ్స్‌కు చెందిన హెర్మ్‌సెన్ 1960వ దశకంలో అనేక గోధుమ రకాలను పరీక్షించి, ఈ జన్యువులకు వేరువేరు బలాలు గల యుగ్మవికల్పాలు ఉన్నాయని చూపారు. నె1కు బలహీనం, మధ్యమం, తీవ్రం అను మూడు స్థాయిలు, నె2కు ఐదు స్థాయిలు గుర్తించబడినవి. రెండు తీవ్ర రూపాలు కలిస్తే మొక్క చిన్న దశలోనే చనిపోతుంది. రెండు బలహీన రూపాలు కలిస్తే చివరి దశలో ముదురు ఆకులు మాత్రం ఎండుతాయి.

ఎవరికీ హాని చేయని రెండు జన్యువులు కలిసి హాని చేయడం వింతగా తోచవచ్చు. దీనికి సమాధానాన్ని బేట్‌సన్, డాబ్‌జాన్‌స్కీ, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చారు. ఒకే పూర్వికుని నుండి విడిపోయిన రెండు వంశాలలో ఒకదానిలో ఒక జన్యువు మారుతుంది, రెండవదానిలో వేరొక జన్యువు మారుతుంది. ప్రతి మార్పూ తన వంశంలో పరీక్షకు నిలిచినదే. కాని ఈ రెండు మార్పులు ఒకదానితో ఒకటి ఎన్నడూ కలిసి జీవించలేదు. సంకరం జరిగిన రోజునే అవి మొదటిసారి ఎదురుపడతాయి.

ఉష్ణోగ్రత ప్రభావం

స్థిరమైన రెండు శుద్ధ రకాలను సంకరం చేసినపుడు వచ్చే మొదటి తరం మొక్కలన్నీ జన్యుపరంగా ఒకే విధంగా ఉంటాయి. కాబట్టి ఒకే సంకరపు గింజలను రెండు కుండీలలో నాటి, ఒకదానిని వెచ్చగాను, మరొకదానిని చల్లగాను పెంచితే, వాటి మధ్య కనిపించే తేడాకు కారణం పెరిగిన పరిస్థితి మాత్రమే అవుతుంది. ఈ సూత్రంపైనే ప్రయోగాలు జరిగినవి.

డ్యూరం గోధుమకు, ఈజిలాప్స్ టౌషైకి మధ్య సంకరాలను జపాను శాస్త్రవేత్త నిషికావా 1960వ దశకంలో విస్తృతంగా అధ్యయనం చేశారు. తరువాత కోబె విశ్వవిద్యాలయ పరిశోధకులు లాంగ్‌డన్ అనే డ్యూరం రకాన్ని ఈ అడవి గడ్డి యొక్క వివిధ సేకరణలతో సంకరం చేసి, ఫలితాలను వర్గాలుగా విభజించారు. చాలా సంకరాలు ఆరోగ్యంగా పెరిగినవి. మిగిలినవాటిలో ముఖ్యమైన వర్గాలు ఇవి.

రెండవ రకం నెక్రోసిస్: ఇది చలి వలన మేల్కొనే నెక్రోసిస్. డ్యూరం గోధుమ నుండి వచ్చిన నెట్1, అడవి గడ్డి 2డి క్రోమోజోము నుండి వచ్చిన నెట్2 అనే జన్యువులు దీనికి కారణం. సుమారు 23, 24 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచినపుడు ఈ మొక్కలు మామూలుగానే పెరుగుతాయి. అవే మొక్కలను 4 డిగ్రీల వంటి చలిలో కొన్ని వారాలు ఉంచినపుడు ఆకులలో కణాలు చనిపోవడం మొదలవుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది.

మూడవ రకం నెక్రోసిస్: దీనికి చలి అవసరం లేదు. సాధారణ ఉష్ణోగ్రతలోనే ముదురు భాగాలతో మొదలై క్రమంగా పైకి వ్యాపిస్తుంది. దీనికి సంబంధించిన అడవి గడ్డి జన్యువు 7డి క్రోమోజోముపై ఉన్నది.

సంకర పాలిపోవుట: ఆకులు మచ్చలుగా ఎండక, మొత్తంగా పసుపు రంగుకు తిరుగుతాయి.

తీవ్ర ఎదుగుదల నిరోధం: మొక్క కొద్ది ఆకులు వేసిన తరువాత ఎదుగుదల ఆగిపోతుంది.

ఈ విభజన వలన ఒక సంగతి తెలుస్తున్నది. పైకి ఒకే విధంగా కనిపించే మరణాలు అన్నీ ఒకే కారణం వలన కలిగినవి కావు, అన్నిటిపైన ఉష్ణోగ్రత ఒకే విధంగా పనిచేయదు. చలిలో చనిపోయే సంకరాన్ని వెచ్చదనం కాపాడగలదు. చలితో సంబంధం లేని సంకరాన్ని అదే ఉపాయం కాపాడలేదు.

గడ్డిదుబ్బు రూపం

రెండవ రకం నెక్రోసిస్ గల మొక్కలలో మరణం ఒక్కటే ఫలితం కాదు. చలిలో ఉంచిన కొన్ని మొక్కలు పొట్టిగా మారి, లెక్కకు మించి పిలకలు వేసి, గోధుమవలె కాక గడ్డిదుబ్బువలె కనిపిస్తాయి. కంకి వేయడం ఆలస్యమవుతుంది లేదా జరగదు. ఇటువంటి మొక్కల మొదళ్ళలోని కాండాగ్రాలను పరీక్షించగా, కణ విభజనకు తోడ్పడే జన్యువుల పని తగ్గినట్లు, ఆకులలో రక్షణకు సంబంధించిన జన్యువుల పని పెరిగినట్లు తెలిసినది. అనగా చలి ఆకును చంపడంతో ఆగక, మొక్క తన శరీరాన్ని నిర్మించుకునే విధానాన్ని కూడా మార్చుతున్నది.

తిరిగి వెచ్చని స్థితికి తెచ్చినపుడు చనిపోయిన ఆకు మరల పచ్చబడదు. కాండాగ్రం బ్రతికి ఉన్నంతవరకు కొత్త ఆకులు రావడానికి మాత్రం అవకాశం ఉంటుంది. అందువలన చలి ఎంత తీవ్రమన్న దానితో పాటు, ఎంతకాలం ఉన్నది, మొక్క ఏ వయసులో దానికి గురైనది అన్న విషయాలు కూడా ముఖ్యమైనవి.

కాంతి ప్రభావం

నెక్రోసిస్ గల ఆకులలో సూపరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు ఎక్కువగా పోగవుతాయి. ఇవి కణపు పొరలను, హరితరేణువులను దెబ్బతీస్తాయి. ఆరోగ్యవంతమైన మొక్కలో కూడా కిరణజన్య సంయోగక్రియ సమయంలో ఇవి కొద్దిగా పుడుతూనే ఉంటాయి, వాటిని ఎప్పటికప్పుడు నిర్వీర్యం చేసే ఎంజైములు ఆకులో ఉంటాయి. చలి, ప్రకాశవంతమైన ఎండ రెండూ కలిసి ఉన్నపుడు ఆకు గ్రహించిన కాంతిశక్తిని పూర్తిగా వినియోగించుకొనలేదు. మిగిలిన శక్తి ఈ హానికర రూపాల ఉత్పత్తిని పెంచుతుంది. ఇది మామూలు మొక్కలకు కూడా భారమే. రక్షణ వ్యవస్థ అప్పటికే అదుపు తప్పిన సంకర మొక్కకు ఇది మరింత భారమవుతుంది. కాబట్టి వెచ్చని గదిలో, పొలంలో ఒకే సంకరం వేరుగా ప్రవర్తించినపుడు ఉష్ణోగ్రతతో పాటు కాంతి తీవ్రతను కూడా నమోదు చేయడం అవసరం.

మరణానికి మూలం: అదుపు తప్పిన రక్షణ

ఈ మరణానికి లోతైన కారణం మొక్క యొక్క రోగనిరోధక వ్యవస్థలోనే ఉన్నట్లు 21వ శతాబ్దపు పరిశోధనలు చూపినవి. ఆకులోనికి శిలీంధ్రం ప్రవేశించినపుడు, దానిని గుర్తించిన కణాలు తమంతట తామే చనిపోయి శిలీంధ్రానికి ఆహారం దొరకకుండా చేస్తాయి. ఇది మొక్కను కాపాడే మరణం. సంకర నెక్రోసిస్‌లో శత్రువు లేకుండానే ఇదే ఆజ్ఞ వెలువడుతుంది. అందువలన దీనిని మొక్కలలోని స్వయం రోగనిరోధక చర్యగా పరిగణిస్తున్నారు.

గోధుమలో దీనికి దొరికిన సాక్ష్యం స్పష్టమైనది. ఆకు తుప్పు తెగులును నిరోధించే ఎల్ఆర్13 అనే జన్యువును 1960వ దశకంలో బ్రెజిల్‌కు చెందిన ఫ్రొంటానా అనే గోధుమ రకంలో గుర్తించారు. ఎల్ఆర్13, నె2 రెండూ 2బి క్రోమోజోముపై దగ్గరగా ఉన్నాయని చాలాకాలంగా తెలుసు. 2021లో ప్రచురితమైన పరిశోధనలు అవి దగ్గరి జన్యువులు కావని, ఎల్ఆర్13 అనేది నె2 యొక్క ఒక రూపమేనని నిరూపించినవి. ఈ జన్యువు వ్యాధికారకాలను పసిగట్టే గ్రాహక ప్రోటీన్ల కుటుంబానికి చెందినది. అనగా రైతు పంటను తుప్పు నుండి కాపాడిన జన్యువే, నె1తో కలిసినపుడు సంకర మొక్కను చంపుతున్నది.

ఇటువంటి గ్రాహక ప్రోటీన్ల ద్వారా నడిచే రక్షణ చర్యలు అనేక మొక్కలలో తక్కువ ఉష్ణోగ్రత వద్ద బలంగాను, ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద బలహీనంగాను ఉంటాయి. చలిలో చనిపోయే సంకరాలు వెచ్చదనంలో బ్రతకడానికి ఇది ఒక వివరణ. అయితే దీనిని అన్నిటికీ వర్తించే నియమంగా తీసుకొనరాదు. తుప్పు తెగులుపై ఎల్ఆర్13 చూపే నిరోధం వెచ్చని వాతావరణంలోనే మెరుగుగా ఉంటుంది. కాబట్టి ప్రతి జన్యుజతకు అనుకూల, ప్రతికూల ఉష్ణోగ్రతలను ప్రయోగం ద్వారానే తెలుసుకొనవలసి ఉంటుంది.

భారతదేశంలో

భారతదేశంలో ఈ సమస్యకు ఆచరణలో ప్రాముఖ్యం కలదు. 1960వ దశకంలో మెక్సికో నుండి వచ్చిన పొట్టి గోధుమలు, వాటి నుండి ఎంపిక చేసిన కల్యాణ్ సోనా వంటి రకాలు హరిత విప్లవానికి ఆధారమైనవి. తుప్పు నిరోధం కొరకు జరిగిన ఎంపికలో ఎల్ఆర్13, దానితో పాటు నె2 కూడా పొట్టి రకాలలో వ్యాపించినది. మరొకవైపు, నీటి ఎద్దడిని తట్టుకొనేదిగాను, చపాతీలకు శ్రేష్ఠమైనదిగాను పేరొందిన సి 306 అనే పొడవు రకంలో నె1 ఉన్నది.

ఒకదానిలో దిగుబడి, తుప్పు నిరోధం ఉన్నవి. మరొకదానిలో కరువును తట్టుకొనే గుణం, రొట్టె నాణ్యత ఉన్నవి. ఈ రెంటినీ కలపాలన్నది సహజమైన కోరిక. కాని నేరుగా సంకరం చేస్తే సంతతి ఎండిపోతుంది. కల్యాణ్ సోనా, సి 306 రకాల సంకరాన్ని, డబ్ల్యుఎల్ 711, సి 306 రకాల సంకరాన్ని భారతీయ శాస్త్రవేత్తలు పరిశీలించి, నెక్రోసిస్‌లో సూపరాక్సైడ్ పాత్రను 1998లో వెల్లడించారు.

ఉత్తర భారతంలో గోధుమను సాధారణంగా నవంబరులో విత్తుతారు. మొక్క పిలకలు వేసే కాలం డిసెంబరు, జనవరి చలితో కలుస్తుంది. గింజ పాలుపోసుకునే కాలానికి వేడి పెరుగుతుంది. ఒకే పంటకాలంలో ఇంత తేడా ఉన్నపుడు, సంకరం ఏ దశలో ఎండినది అన్న వివరం లేకుండా "ఎండినది" అని మాత్రమే వ్రాసుకుంటే కారణం తెలియదు.

ప్రజననకారులు పాటించే ఉపాయాలు

* పరీక్ష సంకరాలు: ఒక కొత్త రకాన్ని, నె1 ఉన్నట్లు తెలిసిన రకంతో ఒకసారి, నె2 ఉన్నట్లు తెలిసిన రకంతో ఒకసారి సంకరం చేస్తారు. నె1 రకంతో సంకరం ఎండితే కొత్త రకంలో నె2 ఉన్నట్లు, నె2 రకంతో ఎండితే నె1 ఉన్నట్లు తెలుస్తుంది. రెంటితోనూ ఆరోగ్యంగా ఉంటే రెండు జన్యువులూ లేవని అర్థం.
* వారధి రకం: నె1, నె2 రెండూ లేని మూడవ రకంతో ముందుగా సంకరం చేసి, సంతతిలో హానికర జన్యువు లేని మొక్కలను ఎంచుకొని, వాటిని రెండవ రకంతో కలుపుతారు.
* వెచ్చని పెంపకం: చలి వలన మేల్కొనే నెక్రోసిస్ అని తెలిసినపుడు సంకర మొక్కను కంకి వేసేవరకు వెచ్చగా ఉంచుతారు. ఇది మొక్కను బ్రతికిస్తుంది గాని జన్యువులను మార్చదు. రెండు జన్యువులూ గల సంతతిని చలిలో నాటితే లక్షణం మరల బయటపడుతుంది. కాబట్టి తరువాతి తరాలలో ఎంపిక తప్పనిసరి.
* జన్యు గుర్తులు: క్రోమోజోములపై ఈ జన్యువుల స్థానాలు తెలిసినందువలన, విత్తన దశలోనే డీఎన్ఏ పరీక్షతో వాటిని పసిగట్టవచ్చు.

పుష్పించడానికి చలి అవసరమైన శీతాకాలపు రకాలలో వెచ్చని పెంపకం ఒక చిక్కును తెస్తుంది. ఏ చలి నెక్రోసిస్‌ను మేల్కొల్పునో, దాదాపు అదే చలి ఆ మొక్క పూయడానికి కావలసి ఉంటుంది. తలిదండ్రులలో ఒకటి వసంతకాలపు రకమైతే సంకరం సాధారణంగా చలి లేకుండానే పూస్తుంది కనుక, అటువంటి జతను ఎంచుకోవడం మేలు.

పరిణామంలో ప్రాముఖ్యం

21 క్రోమోజోముల సంకర మొక్క సాధారణంగా వంధ్య. అయితే దానిలో అరుదుగా క్రోమోజోముల సంఖ్య సగం కాని సంయోగబీజాలు ఏర్పడతాయి. అవి కలిసినపుడు 42 క్రోమోజోములు గల ఫలవంతమైన గింజ వస్తుంది. రొట్టె గోధుమ ఈ మార్గంలోనే పుట్టినది. కాని ఆ అవకాశం రావాలంటే సంకర మొక్క పుష్పించేవరకు బ్రతకాలి. గదిలో పెంచే పరిశోధకుడు ఉష్ణోగ్రతను ఎంచుకోగలడు. కాస్పియన్ తీరపు పొలంలో మొలిచిన సంకర మొక్కకు ఆ అవకాశం లేదు. చలిలో చనిపోయే జన్యుజత గల సంకరాలు చలికాలంలోనే నశించే ప్రమాదం ఎక్కువ. నేటి రొట్టె గోధుమకు మూలమైనవి ఆ పరీక్షను దాటిన కొద్ది సంకరాలే. అందువలననే రొట్టె గోధుమ డి జన్యుసముదాయంలోని వైవిధ్యం అడవి గడ్డిలో ఉన్నదానికన్న చాలా తక్కువ. ఆ లోటును కొంతవరకు పూరించడానికే మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ అభివృద్ధి కేంద్రం వంటి సంస్థలు కృత్రిమ గోధుమలను తయారుచేస్తూ వచ్చినవి.

ఇతర మొక్కలలో

ఈ లక్షణం గోధుమకే పరిమితం కాదు. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 2007లో వెల్లడైన ప్రయోగాలలో కొన్ని సంకరాలు 16 డిగ్రీల వద్ద ఎండిపోయి, 23 డిగ్రీల వద్ద ఆరోగ్యంగా పెరిగినవి. పొగాకు జాతుల మధ్య కొన్ని సంకరాలు 28 డిగ్రీల వద్ద మొలక దశలోనే చనిపోతాయి, 36 డిగ్రీల వద్ద బ్రతుకుతాయి. ఏ ఉష్ణోగ్రత "వెచ్చనిది" అన్నది మొక్కను బట్టి మారుతున్నా, వేడి పెరిగినపుడు మరణం ఆగడం ఈ ఉదాహరణలన్నిటిలో సమానం. వరిలో కూడా పూరక జన్యువుల వలన కలిగే సంకర బలహీనత తెలిసినదే.

ఒక సంకరం విఫలమైనదని నిర్ణయించే ముందు, ఆ మొక్కలు ఏ ఉష్ణోగ్రతలో, ఎంత కాంతిలో, ఏ వయసులో చనిపోయినవో చూడడం అవసరమని పై పరిశోధనలు తెలుపుతున్నవి. ఒక గదిలో చనిపోయిన మొక్కతోపాటు విలువైన తుప్పు నిరోధం, కరువును తట్టుకొనే గుణం కూడా పారవేయబడవచ్చు. అదే గింజ మరొక గదిలో బ్రతికి ఆ గుణాలను తరువాతి తరానికి అందించగలిగి ఉండవచ్చు.